సాథీని చిట్టి అంటున్నారు

జూలై 8, సోమవారం

మా షాపు కుక్క సాథీని ఒక బుల్లెట్ బండివాడు తగిలించి పోయాడు. ఆగలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. నేను కుట్టుమిషన్ దగ్గర నుంచి లేచి రోడ్డు మీదికి వచ్చేసరికి మలుపు తిరిగిపోయాడు. రాయి విసిరాను. అది టీకొట్టు రేకుకు తగిలింది. టీకొట్టు చిన్నబ్బతో దానికి వేరే గొడవ.

సాథీ ముందరి కుడికాలు ఎత్తి పట్టుకుని, మూడు కాళ్ళ మీద వచ్చి మా షాపు మెట్ల పక్కన కూలబడింది. అరవలేదు. నన్నే చూసింది. రోడ్డు మీద అంతమంది ఉండగా నన్నే.

మా అబ్బా ఆటో సీటు కవరు కుడుతూ తల ఎత్తకుండానే కట్టు కట్టించమన్నారు. చిన్నబ్బ కూడా గొడవ మధ్యలో ఆపి అదే మాట అన్నాడు. పుత్తూరులో పుట్టినవాడికి ఏది విరిగినా, విరగకపోయినా మొదట నోట్లోంచి వచ్చేది అదే. ఎక్కడెక్కడి నుంచో జనం కార్లేసుకుని కట్టు కోసం వచ్చే ఊరు మరి.

నేను సైన్సు పక్షం. పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. స్కూటీ నా స్నేహితుడు మునికుమార్‌ది, నడిపింది వాడు, వెనక సాథీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేను. ఇది రాసి పెట్టుకోవాలి. దెబ్బ తగిలిన రోజు అది ఉన్నది నా ఒళ్ళో.

డాక్టరమ్మ పేరు స్టెల్లా. నొప్పిలో ఉన్న కుక్క సొంత మనిషినైనా కరుస్తుందని ముందు దాని మూతికి మెత్తటి గుడ్డ వదులుగా కట్టించింది. గోళ్ళ దగ్గర నుంచి భుజం దాకా నొక్కి చూసింది. ఎముక బాగుంది, బెణుకు. మందు కన్నా విశ్రాంతి ముఖ్యమంది. ఉరకకూడదు, దుమకకూడదు, మెట్లు ఎక్కకూడదు. బయటికి తీసుకుపోతే తాడు కట్టి మెల్లగా, దాని అవసరం తీరేంత వరకే. మొదటి రెండు మూడు రోజులు ఐసు గుడ్డలో చుట్టి కాసేపు పెట్టాలి. అమ్మీ మోకాళ్ళ నొప్పి మాత్ర సగం వెయ్యవచ్చా అని అడిగితే నా వైపు అదోలా చూసింది.

"మనుషుల మాత్రలేస్తే కుక్క చచ్చిపోతాదబ్బాయ్. ఇంకోటి, పుత్తూరోళ్ళు గదా, ముందే చెప్తా ఉండా. ఎవురన్నా కట్టు గిట్టు కట్టినారంటే నా కాడికి తేవద్దండి."

నవ్వుతూనే అంది. మునికుమార్ కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. ప్రజల వైద్యాన్ని ఎగతాళి చెయ్యడం చదువుకున్నవాళ్ళకు అలవాటు.

జూలై 9, మంగళవారం

ఎక్కడ ఉంచాలన్నది సమస్య. షాపు ముందు లారీల రోడ్డు. ఇంట్లో ఉంచుదామంటే అమ్మీ గడప దగ్గరే నిలబడింది.

అమ్మీ సాథీకి రోజూ అన్నం పెడుతుంది. శుక్రవారం ఎముకలు దాచి పెడుతుంది. కానీ గడప బయటే. కుక్క నోరు తగిలిన చోట నమాజు కుదరదు, ఇంట్లోకి ఫరిష్తాలు, దేవదూతలు, రారు. మాది ఒకే గది, ఒక వంటిల్లు. సాథీ గడప బయటే ఉన్న ఈ రెండేళ్ళూ ఫరిష్తాలు వస్తూనే ఉన్నారు గదా, మనకు ఏం తెచ్చారని అడిగాను. అమ్మీ వంటింట్లోకి వెళ్ళి పాలు గోరువెచ్చగా చేసి గిన్నె నా చేతికిచ్చింది, బయట పెట్టమని. అరిస్తే నాకు ఎదురు అరవడం తెలుసు. ఇలా చేస్తే ఏం చెయ్యాలో తెలియదు.

మునికుమార్ వాళ్ళ ఇల్లు రెండు వీధుల అవతల. చుట్టూ గోడ, గేటు, ముందు తిన్నె, తిన్నె పక్కన చిన్న వరండా. వాడూ, వాళ్ళమ్మ యశోదమ్మత్తా, ఇద్దరే. వాడు శ్రీ సిటీలో ఫ్యాక్టరీకి షిఫ్టులకు పోతాడు. నేనే అడిగాను, రెండు మూడు రోజులు ఉంచుకోమని.

"దానికేముండాది మచ్చా, ఉండనీ" అన్నాడు.

మూడు మాటలు. ఆలోచించను కూడా లేదు. ఇల్లున్నవాళ్ళకు ఇవ్వడం ఎంత సులభమో.

వరండాలో నున్నటి బండలు, సాథీ కాలు జారింది. అత్తా లోపలికి వెళ్ళి గోనెసంచులు తెచ్చి వరసగా పరిచింది. ఆ సంగతి నాకు తట్టలేదు. తట్టేదే, కానీ అప్పుడు తాడు ముడి వేస్తున్నాను.

జూలై 10

ఐసు పెట్టడానికి పోయాను. అప్పటికే పెట్టేశారట.

జూలై 12, శుక్రవారం

షాపులో పని ఎక్కువ. ఒక స్కూలు బస్సు సీట్లన్నీ వచ్చాయి. సాయంత్రం ఎముకలు పట్టుకుని పోయాను. గేటు బయట ఉండగానే లోపల నుంచి యశోదమ్మత్తా గొంతు.

"చిట్టీ, ఈడ్నే ఉండు, కదలాకు."

ఎవరు చిట్టి? చుట్టాల పిల్ల వచ్చిందేమో అనుకున్నాను. లోపలికి వెళ్ళి చూస్తే సాథీ. చిట్టి అంటే చెవులు ఎత్తుతోంది. నాలుగు రోజులు.

అత్తాను అడిగాను, దాని పేరు సాథీ గదా అని. ఆ పేరు తనకు నోరు తిరగదట. "మునిగాడే పెట్టినాడు నాయనా, చిట్టి అని. పిలిస్తే పలకతాది, మనకేం."

మనకేం. రెండేళ్ళ కిందట వానలో తడిసి మా షాపు ముందు రెక్సిన్ ముక్కల కింద దూరిన పిల్లకు ఆలోచించి పెట్టాను ఆ పేరు. కుక్కలకు టామీ, టైగర్ అని దొరల పేర్లు పెట్టడం బానిసబుద్ధి అని ఒక కరపత్రంలో చదివి. సాథీ అంటే తోడు. ఒకరి కింద ఒకరు కాదు, పక్కపక్కన నడిచేవాళ్ళు. పాత పేరు తీసేసి కొత్త పేరు పెట్టడం ఆక్రమణలో మొదటి మెట్టు. ఊళ్ళ పేర్లు మార్చేవాళ్ళు చేసేదీ ఇదే.

ఎముకలు ఎక్కువ పెట్టకండి, వాంతి చేసుకుంటుంది అని కూడా అంది అత్తా. మా అమ్మీ పెట్టిన ఎముకలకు రెండేళ్ళలో ఎప్పుడూ వాంతి చేసుకోలేదు.

కాలు కొంచెం నేలకు ఆనిస్తోంది. సంతోషం. సంతోషమే.

జూలై 13

నాకు అసూయ లేదు. ఇది రాసుకుంటున్నాను ఎందుకంటే అమ్మీ ఇవాళ అన్నం పెడుతూ, "ఎందుకు బేటా జల్‌తా ఉండావు, కుక్క బాగుంటే సాలదా" అంది. జల్‌తా అంటే మండిపోవడం. నేను మండిపోవడం లేదు. గమనిస్తున్నాను. గమనించడం వేరు. ఆస్తి ఉన్నవాడి చేతిలోకి ఏది వెళ్ళినా తిరిగి రాదు అన్నది నా సొంత బాధ కాదు, సమాజ లక్షణం.

సొంత ఆస్తి అన్ని తగువులకూ మూలం. సాథీ ఎవరి సొత్తూ కాదు. కానీ నాది.

పైవాక్యం కొట్టెయ్యాలి. తర్వాత కొడతాను.

జూలై 14, ఆదివారం

మునికుమార్‌కు సెలవు. నాకూ సెలవు. పోయాను. గోడ ఎత్తు తక్కువ, బయట నుంచే కనిపించింది. వాడు తిన్నె మీద లుంగీలో కూర్చుని ఫోనులో క్రికెట్ చూస్తున్నాడు. సాథీ కూడా తిన్నె మీదే, వాడి పాదం మీద తల పెట్టుకుని పడుకుని ఉంది. కళ్ళు మూసుకుని. తోక కొంచెం ఆడుతోంది, నిద్రలోనే. వాడు చూడను కూడా చూడటం లేదు దాన్ని. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో దాని చెవి వెనక గోకుతున్నాడు, తన మోకాలు గోక్కుంటున్నట్టు.

నేనైతే దాన్ని ముట్టుకుంటున్నప్పుడు ఇంకో పని చెయ్యను.

ఈల వేశాను. మా ఇద్దరి ఈల, షాపు మూసేటప్పుడు వేసేది. గేటు తీసే ముందు వస్తున్నానని చెప్పడానికి వేశాను, అంతే.

సాథీ ఒక్కసారిగా లేచి తిన్నె మీద నుంచి దూకింది. కుడికాలు ముందు పడింది. అది అరిచిన అరుపు ఇంతవరకు నేను వినలేదు. అయినా ఆగకుండా గేటు దాకా కుంటుకుంటూ వచ్చి కమ్మీల మధ్య నుంచి మూతి బయట పెట్టి నా చెయ్యి నాకింది.

మునికుమార్ నన్ను తిట్టలేదు. దాన్ని ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాడు. అత్తా మళ్ళీ ఐసు తెచ్చింది.

అది దూకింది నా కోసం. ఈ మాట వాడికి కూడా తెలిసిపోయింది. తెలియాలని వేసిన ఈల కాదు.

జూలై 15

వాచింది. షాపులో సూది విరగ్గొట్టాను, రెండుసార్లు.

జూలై 17, బుధవారం

ఏం జరిగిందో వరసగా రాస్తాను. తర్వాత ఎవరు ఏం చెప్పినా ఇది ఉండాలి.

పీర్ల పండగ. షాపు మూశాం. మధ్యాహ్నం మునికుమార్ ఇంటికి పోయాను. వాడు షిఫ్టులో ఉన్నాడు. యశోదమ్మత్తా ఏటా పీర్ల దగ్గరికి చక్కెర తీసుకుపోతుంది, వాళ్ళాయన ఉన్నప్పటి మొక్కు. నేను రావడం చూసి సంబరపడింది. "నువ్వుండావు గదా నాయనా, దాన్ని సూసుకో, నేనట్ల పోయొస్తా" అని గేటు దగ్గరకు వేసి వెళ్ళింది.

చాలా రోజుల తర్వాత మేమిద్దరమే. సాథీ కాలు వాచి ఉంది. నేనే కారణమని వాళ్ళు మనసులో అనుకుంటున్నారు. అనుకుంటున్నారు కాబట్టి బాగు చెయ్యవలసింది కూడా నేనే. అలా ఆలోచించాను. ఐసు, విశ్రాంతి, ఐసు, విశ్రాంతి. ఇన్ని రోజులకూ ఏం మారింది? ఊరు ఊరంతా తరతరాలుగా ఎముకలు నిలబెడుతుంటే, ఆ విద్యను పక్కన పెట్టమనడానికి ఆ డాక్టరమ్మ ఎవరు? ప్రజల వైద్యం గురించి నా దగ్గర రెండు కరపత్రాలు ఉన్నాయి. రెండూ మళ్ళీ చదివే పోయాను.

చిన్నప్పటి నుంచి కట్లు చూస్తూ పెరిగాను. కోడిగుడ్డు తెల్లసొన, ఆకు పసరు, వెదురు బద్దలు, గుడ్డ. ఏ ఆకో వాళ్ళు ఎవరికీ చెప్పరు. ఆకు లేకుండానే చేశాను. వెదురు బద్దలు నున్నగా చెక్కాను. వాటి కింద మెత్తగా ఉండటానికి మా షాపు ఫోము, సన్నగా కోసినది. పైన తెల్లసొనలో తడిపిన గుడ్డ, దాని మీద రెక్సిన్ పట్టీ. పట్టీ అంచు మిషన్ మీద ముందే కుట్టుకుని తెచ్చాను, సాథీ కాలు కొలత నాకు కంటితోనే తెలుసు. ముడతలు లేకుండా లాగి బిగించడమే నా వృత్తి. నేను ఇంతవరకు కుట్టిన సీట్లన్నిటిలో అంత అందంగా ఏదీ కుదరలేదు. సాథీ కదలకుండా కూర్చుంది. ఒక్కసారి కూడా కాలు లాక్కోలేదు. నా చేతి మీద దానికి అంత నమ్మకం.

అత్తా వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. డాక్టరమ్మ వద్దనింది గదా అంది. నేను అర్థమయ్యేట్టు చెప్పాను. ఊరుకుంది. మునికుమార్ వచ్చాక మాట్లాడతాడులే అని వచ్చేశాను.

వాడు వచ్చి చూసి ఏమంటాడో అని ఉంది. ఏమీ అనలేడు.

జూలై 18, గురువారం

తెల్లసొన ఆరేకొద్దీ బిగుసుకుంటుందట. సీటుకు అయితే మంచిదే.

మునికుమార్ షిఫ్టు నుంచి వచ్చేసరికి సాథీ కాలివేళ్ళు ఉబ్బి, చల్లగా అయిపోయి ఉన్నాయట. కట్టును కొరుకుతూ వణుకుతోందట. వాడు బ్లేడుతో నా పట్టీ కోసేశాడు. నాకు ఫోను చెయ్యలేదు. పొద్దున ఆసుపత్రి దగ్గర చూశానని చిన్నబ్బ చెబితే పరిగెత్తాను.

డాక్టరమ్మ నా వైపు చూడకుండా వాడితోనే మాట్లాడింది. రక్తం ఆడలేదు, ఇంకొంచెం ఆలస్యమైతే పాదం పోయేది. ఇప్పుడు భయం లేదు, చర్మం కమిలింది, రోజూ చూసుకోవాలి. బెణుకు మాత్రం మళ్ళీ మొదటికొచ్చింది. విశ్రాంతి అంతా మళ్ళీ మొదటి నుంచి. ఎవరు కట్టారని అడిగింది. మునికుమార్ నా పేరు చెప్పలేదు. తెలియకుండా కట్టినారులెమ్మా అన్నాడు. చెప్పి ఉంటే బాగుండేది. వాడి దయ నాకు ఎందుకు?

బయటికి వచ్చాక, స్కూటీ దగ్గర, సాథీ వాడి చేతుల్లో ఉండగా అన్నాడు.

"మచ్చా, ఏమనుకోవాకు. కొన్నాళ్ళు నువ్వు ఇంటికి రావద్దు."

"నా కుక్కను నేను సూడగూడదా?"

"నిన్ను సూస్తే అది నిలబడదురా. ఎగురుతాది. నేనొస్తే తల ఎత్తి సూసి మళ్ళా పండుకుంటాది. అది మేలు గదా కాలికి."

అప్పుడు నేను చాలా అన్నాను. ఇల్లుంది కదా అని అన్నీ నీవే అనుకున్నావన్నాను. గేటు పెట్టుకుని, పేరు మార్చి, ఇప్పుడు మనిషిని కూడా రావద్దంటున్నావన్నాను. జీతగాడివి, యజమాని వేషాలు వేస్తున్నావన్నాను. ఆసుపత్రికి గేదెను తోలుకొచ్చిన ముసలాయన ఒకడు నిలబడి మొత్తం విన్నాడు.

వాడు సాథీ చెవులు చేత్తో మూసి పట్టుకున్నాడు. నా అరుపులకు అది బెదురుతోందని. ఆ చెయ్యిని చూసి నాకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

జూలై 20, శనివారం

కరపత్రం రాశాను. శీర్షిక: ఆశ్రయం ముసుగులో ఆక్రమణ. కింద, మూగజీవుల స్వేచ్ఛ కోరేవాళ్ళు అని సంతకం, బహువచనంలో. జిరాక్సు తీయించి ఒకటి వాళ్ళ గేటుకు అంటించాను. పొద్దున్నే, వాడు ఫ్యాక్టరీ బస్సుకు పోయాక.

జూలై 22, సోమవారం

బజారులో యశోదమ్మత్తా ఎదురైంది. తప్పుకుని పోదామనుకున్నాను, ఆమే పిలిచింది. గేటుకు ఎవరో కాగితం అంటించి పోయారట, నీళ్ళు ఎప్పుడు వదులుతారో మునిసిపాలిటీ వాళ్ళు రాసుంటారని రెండు రోజులు బిందెలు నింపి పెట్టుకుందట. కొడుకును చదవమంటే, ఏదో సంఘం వాళ్ళదిలేమ్మా అని ఊరుకున్నాడట.

"నువ్వు సదువుకున్నోడివి గదా, ఒకసారి వచ్చి సూడు నాయనా, ఏం రాసినారో."

వస్తానన్నాను. నా సంచిలో మిగతా కాపీలు ఉన్నాయి.

వాడు దాన్ని చింపలేదు. చింపి ఉంటే ఇంకొకటి అంటించేవాడిని.

జూలై 24

పోలేదు. అటు వైపు కూడా పోలేదు. నా ఈ నిగ్రహాన్ని ఎవరూ చూడటం లేదు.

జూలై 26

చిన్నబ్బ చెప్పాడు: సాథీని తాడు కట్టి పొద్దునా సాయంత్రం వీధి చివరి దాకా నడిపిస్తున్నారు. వాడు షిఫ్టులో ఉంటే అత్తా. నాలుగు కాళ్ళూ ఆనిస్తోంది.

ఎలా నడుస్తోందని అడిగాను. బాగా నడుస్తోందన్నాడు. ఎవరితో నడిచినప్పుడు బాగా నడుస్తోంది అని అడగబోయి ఊరుకున్నాను.

జూలై 29, సోమవారం

ఆడికృత్తిక పండగ. పొద్దుటి నుంచి మొక్కు కావళ్ళు పోతున్నాయి తిరుత్తణి గుడి వైపు. పసుపు బట్టలు, పంబ వాయిద్యాలు, టపాసులు. పోయిన ఏడు ఇదే రోజు సాథీ ఆ చప్పుడుకు మా షాపు కటింగ్ బల్ల కిందకు దూరి నా కాళ్ళ మధ్య ఇరుక్కుంది. కావళ్ళు అన్నీ పోయేదాకా నేను కదలలేదు. ఒక సీటు కవరు వంకరగా కుట్టి అబ్బాతో తిట్లు తిన్నాను.

ఇవాళ బల్ల కింద ఫోము ముక్కలే.

ప్రతి టపాసుకూ లేచి నిలబడ్డాను. కూర్చున్నాను. మూడో గుంపు పోయేటప్పుడు షాపు వదిలేసి వాళ్ళ వీధి మొగ దాకా పోయాను. అక్కడ ఆగాను. కనిపిస్తే అది ఎగురుతుంది. వాడు అన్న మాట నిజం కావాలని నాకు లేదు, అబద్ధం కావాలని అసలే లేదు. నన్ను చూసి కూడా ఎగరకుండా పడుకుంటే?

వాళ్ళ తలుపులు, కిటికీలు అన్నీ మూసి ఉన్నాయి. లోపల టీవీలో క్రికెట్ గట్టిగా పెట్టి ఉంది, టపాసుల చప్పుడు వినపడకుండా. అయితే వాడు ఇవాళ డ్యూటీకి పోలేదన్నమాట. దాని కోసం సెలవు పెట్టాడు.

నాకు సెలవు పెట్టే ఉద్యోగం లేదు గనక పెట్టలేదు. ఉంటే పెట్టేవాడినే. తిరిగి వచ్చేటప్పుడు ఎవరో కావడి మోసేవాళ్ళకు మజ్జిగ ఇస్తూ నాకూ ఇచ్చారు. తాగాను. పులిసిపోయింది.

ఆగస్టు 4, ఆదివారం

తెచ్చి ఇచ్చేశాడు.

మధ్యాహ్నం షాపు సగం మూసి ఉంది. మునికుమార్ నడుచుకుంటూ వచ్చాడు, స్కూటీ మీద కాదు. చేతిలో తాడు, తాడు చివర సాథీ. నాలుగు కాళ్ళ మీద. నేను దాన్ని చూసి లేచాను. అది నన్ను చూసి ఎగిరింది. వాడు తాడు దగ్గరగా పట్టి ఆపాడు.

డాక్టరమ్మ చూసిందట. బాగైంది, అయినా కొన్నాళ్ళు తాడు మీదే మెల్లగా నడిపించాలి, ఉరకనియ్యకూడదు, తాడు తెంచుకునేలా గుంజనియ్యకూడదు అందట. ఇవన్నీ మామూలుగా చెప్పాడు. తర్వాత తాడు నా చేతిలో పెట్టాడు.

"ఇదో అప్పా, నీ సొత్తు. అప్పజెప్పినా."

సొత్తు. నా కరపత్రంలో వాడిన మాట. వాడు దాన్ని చదివాడు. మొత్తం చదివాడు. నేను తాడు సరిగా పట్టుకునే లోపల వెనక్కి తిరిగాడు. మచ్చా అని అనలేదు, అప్పా అన్నాడు, బస్సులో పక్క సీటువాడిని అన్నట్టు.

అయితే ఏం. సాథీ వచ్చింది. నా మోకాళ్ళ మీద కాళ్ళు పెట్టి మొహమంతా నాకింది. అబ్బా కూడా మిషన్ ఆపి చూశారు. అమ్మీ గడప బయట గిన్నె పెట్టింది, ఎముకలు లేకుండా, మెత్తగా కలిపిన అన్నం. గెలిచాను అని రాయను. న్యాయం జరిగింది అని రాస్తాను.

అదే రోజు, సాయంత్రం

అన్నం ముట్టలేదు. మునికుమార్ పోయిన వైపు తిరిగి కూర్చుంది. పిలిస్తే వస్తుంది, చెయ్యి నాకుతుంది, మళ్ళీ పోయి అక్కడే కూర్చుంటుంది. కొత్త చోటు గనక.

కొత్త చోటు కాదు.

ఆగస్టు 5, సోమవారం

పొద్దున లేచి చూస్తే సాథీ తాడు సాగినంత మేర సాగి, ముందుకు వంగి నిలబడి ఉంది. మెడ బిగిసి గురక లాంటి చప్పుడు. బరువంతా ముందు కాళ్ళ మీదే. కుడికాలు వణుకుతోంది. ఎంత సేపటి నుంచి అలా గుంజుతోందో. దగ్గరికి లాగి కూర్చోబెట్టాను. వదిలితే మళ్ళీ అంతే.

షాపు మెట్టుకు కట్టాను. ఒక లారీ హారన్ కొడితే అటు పరిగెత్తబోయి తాడుకు తగులుకుని పడింది. దెబ్బ తగల్లేదు. నేను మాత్రం రోడ్డు పక్కన కూర్చుండిపోయాను.

ఊరుకుంటుంది, రెండు రోజుల్లో మర్చిపోతుంది అన్నారు అబ్బా. నిజమే అయి ఉండవచ్చు. రెండు రోజులు గుంజితే కాలు ఏమవుతుంది? తాడు విప్పేస్తే అది ఎటు పోతుందో నాకు తెలుసు, ఎంత వేగంగా పోతుందో కూడా తెలుసు. నన్ను చూసి తిన్నె మీద నుంచి దూకినంత వేగంగా. ఇప్పుడు అది దూకేది నా కోసం కాదు.

అమ్మీ గడప దగ్గర నిలబడి చాలా సేపు చూసింది. నేను ఫరిష్తాల గురించి ఏదో అనబోయాను. ఆమె దాని మీద నుంచి చూపు తిప్పకుండా, "ఆకలితో ఉండాది బేటా. యాడ తింటాదో ఆడికి తీసుకుపో" అంది.

సాయంత్రం మిషన్ మీద గుడ్డ కప్పి, తాడు విప్పి చేతికి చుట్టుకున్నాను.

రెండు వీధులు. ఎప్పుడూ అంత దూరం అనిపించలేదు. మలుపు తిరగగానే దానికి అర్థమైంది, ముందుకు ఉరకబోయింది. తాడు పొట్టిగా పట్టుకుని దాని పక్కకు చేరాను. మెల్లగా, మెల్లగా అంటూ నడిపించాను. అది రెండడుగులు వేసి గుంజుతుంది, నేను నిలబడతాను. గుంజడం మానేదాకా కదలను. మళ్ళీ రెండడుగులు. నా వైపు తల ఎత్తి చూసింది ఒకసారి. ఆ చూపు నాకు కొత్త. దారిలో అడ్డం నిలబడ్డ ఎద్దును చూస్తామే, అలా. నేను లేకపోతే అది ఈపాటికి చేరిపోయేది. చేరేది, కుంటుకుంటూ.

వదిలెయ్యాలని ఒకసారి అనిపించింది. పోయి మళ్ళీ కాలు బెణికించుకుంటే వాడి గేటు ముందే గదా అని. ఆ ఆలోచన ఎక్కడిదో నాకు తెలుసు. తాడు ఇంకో చుట్టు చుట్టుకున్నాను.

చిన్నబ్బ టీ గ్లాసులు తీసుకుని ఎదురొచ్చాడు. నిన్ననే తెచ్చుకుంటివి, మళ్ళా యాడికప్పా పెళ్ళికూతుర్ని సాగనంపినట్టు పోతా ఉండావు అన్నాడు. సాథీతో పాటు ముందుకు నడిచాను.

గేటుకు నా కాగితం ఇంకా ఉంది, వానకు సగం కారిపోయి. ఎడమచేత్తో పీకి జేబులో కుక్కుకున్నాను. కుడిచేతిని అప్పటికే సాథీ గేటు వైపు గుంజేస్తోంది.

మునికుమార్ బనీనులో బయటికి వచ్చాడు. మొహం గట్టిగా పెట్టుకున్నాడు. దారి పొడుగునా తయారు చేసుకున్న మాటలు నా దగ్గర ఉన్నాయి. సొత్తు గురించి, పేరు గురించి, నేను అన్నవాటిలో ఏది వెనక్కి తీసుకుంటానో, ఏది తీసుకోనో.

"నడిపించుకోని వచ్చినా" అన్నాను. "యాడా ఉరకనియ్యలేదు."

వాడు సాథీ కాలు వైపు చూశాడు, తర్వాత నా చేతి వైపు. తాడు చుట్టుకున్న చోట ఎర్రగా కమిలి ఉంది. గేటు తీశాడు. సాథీ లోపలికి పోబోయింది. మెట్టు ఉంది. నేనూ వాడూ ఒకేసారి వంగాం దాన్ని పట్టుకోవడానికి, తలలు కొట్టుకున్నాయి. ఇద్దరమూ నవ్వలేదు. వాడు వెనక పట్టాడు, నేను ముందు పట్టాను, మెట్టు దాటించాం.

అది నేరుగా గోనెసంచి మీదికి పోయి, రెండు చుట్లు తిరిగి పడుకుంది. అత్తా ముద్ద కలిపి పెడితే గిన్నె ఖాళీ చేసింది. నేను వరండా స్తంభం దగ్గర నిలబడి అంతా చూశాను.

వస్తున్నప్పుడు వాడు గేటు దాకా వచ్చాడు.

"రేపటి నుంచి నాకు ఫస్టు షిఫ్టు మచ్చా. అమ్మకు నడుము పట్టుకోనుండాది. పొద్దున దాన్ని నువ్వే తిప్పాల."

సరే అన్నాను. నన్ను అడగలేదు, తిప్పాల అని పురమాయించాడు. అది నాకు నచ్చలేదు. వాడి బస్సు తెల్లవారకముందే వస్తుంది. నేను దానికన్నా ముందే పోతాను. సాథీ కళ్ళు తెరవగానే చూసే మొహం వాడిది కాకూడదు.